రీడింగ్‌లో నన్ను పడేసిన చక్కెర పాఠం: ఐఈఎల్‌టీఎస్ రెండోసారి రాసిన ఒక నర్సు అనుభవం

2024 మార్చి 16న మొదటిసారి ఐఈఎల్‌టీఎస్, అంటే విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష, రాశాను. ఐదో రోజు సాయంత్రం నైట్ డ్యూటీకి తయారవుతూ తల దువ్వుకుంటుంటే మెసేజ్ వచ్చింది. లిజనింగ్ 7, స్పీకింగ్ 7, రైటింగ్ 6.5. రీడింగ్ దగ్గర 6 అని ఉంది. ఫోన్ పక్కన పెట్టి, జడ పూర్తిగా అల్లుకుని, మళ్లీ తీసి చూశాను. ఆరే.

నర్సుగా యూకే వెళ్లాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ అడిగేది రైటింగ్‌లో 6.5, మిగతా మూడింట్లో 7. ఏడాది లోపల రెండుసార్లు రాసి, రెండింటి స్కోర్లూ కలిపి చూపించుకునే వీలుంది. అయితే దేంట్లోనూ అరకు మించి తగ్గకూడదు. నాకు రీడింగ్‌లో పూర్తిగా ఒకటి తగ్గింది. అంటే ఆ కలుపుకునే దారి కూడా మూసుకుపోయింది. నాలుగూ మళ్లీ రాయాలి, ఫీజు మొత్తం మళ్లీ కట్టాలి. మార్చిలో బాపు దగ్గర అడిగి తీసుకున్న డబ్బులు అవి. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చెయ్యలేదు. డ్యూటీ దిగాక పొద్దున ఎనిమిదిన్నరకి బస్‌స్టాప్‌లో నిలబడి చెప్పాను. "సరే బిడ్డా, మళ్ల రాద్దువులే" అన్నాడు బాపు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అన్నా ఏడ్చేదాన్ని.

రైటింగ్ గురించి భయపెట్టేవాళ్లు చాలామంది దొరుకుతారు. రీడింగ్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. "అదేముంది, చదివి జవాబు పెట్టడమే కదా" అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. చిన్నప్పటి నుంచి చదువులో వెనకబడింది లేదు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాను. మొదటిసారి చేరిన కోచింగ్ సెంటర్‌లో ఆరు వారాలకు తొమ్మిది వేలు తీసుకుని రీడింగ్‌కు కేటాయించింది నాలుగే క్లాసులు. "టైం లేకపోతే నాట్ గివెన్ (పాఠంలో లేదు) పెట్టెయ్యండి" అన్నది అక్కడ నేర్పిన కిటుకు. అందుకే ఇది రాస్తున్నాను.

ఏప్రిల్, మే నెలల్లో పుస్తకం ముట్టలేదు. ఎండలకు వార్డు నిండిపోయి, డబుల్ డ్యూటీలు పడ్డాయి. జూన్ మొదట్లో మా సీనియర్ సిస్టర్ ఒకరు, కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైన ఒక మేడం దగ్గరకు పంపించారు. ఇంట్లోనే నలుగురైదుగురికి చెబుతారు. రెండు నెలలకు ఆరు వేలు. దిల్‌సుఖ్‌నగర్ లోపలి సందులో పాత ఇల్లు, ముందుగదిలో డైనింగ్ టేబుల్, దాని చుట్టూ మేము. మేడంది గుంటూరు వైపు. ఆవిడ పంచదార అంటారు, నేను చక్కెర అంటాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే తర్వాత నెల మొత్తం మా మధ్య నడిచింది ఆ చక్కెర గొడవే.

జూలై 7, ఆదివారం. నైట్ డ్యూటీ దిగి రెండు గంటలు పడుకుని వెళ్లాను. మేడం తనే రాసి ప్రింట్ తీసిన పాఠం ఒకటి ఇచ్చారు. తొమ్మిది వందల మాటలుంటుంది, ఎ నుంచి జి వరకు ఏడు పేరాలు, పదమూడు ప్రశ్నలు. "ఇరవై నిమిషాలు. పెన్సిల్‌తో రాయండి" అని గోడ గడియారం చూసి లోపలికి వెళ్లిపోయారు.

పాఠం 1791లో ఇంగ్లండ్‌లో జనం చక్కెర మానేసిన కథ. అప్పటికి అక్కడ టీలో చక్కెర వేసుకోవడం ఇంటింటి అలవాటు. ఆ చక్కెర వచ్చేది వెస్టిండీస్ దీవుల నుంచి. అక్కడి చెరకు తోటల్లో పని చేసేది ఆఫ్రికా నుంచి ఓడల్లో పట్టుకొచ్చిన బానిసలు. బానిసల వ్యాపారం ఆపాలని విల్బర్‌ఫోర్స్ అనే ఎంపీ పెట్టిన ప్రతిపాదన 1791 ఏప్రిల్‌లో పార్లమెంటులో 88 ఓట్లకు 163 ఓట్లతో వీగిపోయింది. పార్లమెంటు చెయ్యకపోతే మనమే చేద్దాం, కొనడం మానేద్దాం అని విలియం ఫాక్స్ అనే ఆయన ఒక చిన్న కరపత్రం రాశాడు. అది ఏడాదిలో ఇరవైకి పైగా ముద్రణలు పడింది.

మూడో పేరాలో ఆ కరపత్రంలోని లెక్క ఉంది. వారానికి ఐదు పౌన్ల చక్కెర, దానికి తగ్గ రమ్ము వాడే కుటుంబం ఇరవై ఒక్క నెలలు రెండూ మానేస్తే ఒక మనిషి బానిస కాకుండా, హత్య కాకుండా ఆగుతాడట. దాని కిందే ఇంకో వాక్యం. మనం వాడే ప్రతి పౌను చక్కెరతో రెండు ఔన్సుల మనిషి మాంసం తింటున్నట్టే లెక్క, అని.

అక్కడ ఆగిపోయాను. రెండు ఔన్సులంటే యాభై ఏడు గ్రాములు. పొద్దున్నే ఒక పెద్దాయన మధుమేహం పుండుకు డ్రెస్సింగ్ మార్చి వచ్చాను. మనిషి మాంసం అనే మాట నాకు పుస్తకంలో మాట కాదు. ఎదురుగా టేబుల్ మీద మేడం పెట్టిన టీ కప్పు ఉంది, తాగలేకపోయాను. చేతిలో పెన్సిల్ ఉండగానే బ్యాగులో పెన్ను వెతికి తీసి, ఆ వాక్యం కింద గట్టిగా గీత గీశాను. తల ఎత్తేసరికి పదకొండు నిమిషాలు అయిపోయాయి. ఇంకా ఒక్క ప్రశ్న కూడా చూడలేదు.

ఇరవై నిమిషాల పాఠానికి ముప్పై ఒకటి తీసుకున్నాను. పదమూడులో ఐదు వచ్చాయి. పక్కన కూర్చున్న అబ్బాయి, ఎంటెక్ కోసం చూస్తున్నవాడు, పదకొండు తెచ్చుకున్నాడు. వాణ్ని ఆ రెండు ఔన్సుల మాట గురించి అడిగితే "అదెక్కడుంది అక్కా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇంత పెద్ద మాట కంటికి కనపడనివాడికి పదకొండు, చదివి కదిలిపోయిన నాకు ఐదా?

మేడం నా కాగితం తీసుకుని ఒక్కొక్క తప్పు దగ్గర వేలు పెట్టి, "ఈ జవాబు ఏ లైనులో ఉంది, చూపించమ్మా" అన్నారు. కోప్పడలేదు. నేను చూపించలేకపోయాను. ఆ రోజు ఏం జరిగిందో వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను తర్వాత నేర్చుకున్నదంతా ఆ ఎనిమిది తప్పుల నుంచే.

మొదటి ఏడూ ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నలు. ఇచ్చిన వాక్యం పాఠం ప్రకారం నిజమా, తప్పా, లేక పాఠంలో ఆ సంగతే లేదా అని చెప్పాలి. పార్లమెంటు ఒప్పుకుందా అన్నది సరిగ్గా పెట్టాను. మూడు లక్షల మంది దాకా చక్కెర మానేశారని ఉద్యమకారుడు థామస్ క్లార్క్‌సన్ అంచనా వేశాడన్నది కూడా సరిగ్గా పెట్టాను. మధ్యలో ఐదూ పోయాయి.

"చక్కెర మానేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు." నేను ట్రూ పెట్టాను. పాఠంలో ఉన్నదేమిటంటే, ఆడవాళ్లకు ఓటు లేదు, కానీ ఇంట్లోకి ఏ సరుకు రావాలో చెప్పేది వాళ్లే, అందుకని ఈ ఉద్యమంలో వాళ్ల మాటకు బలం వచ్చింది అని. ఎంతమంది ఆడవాళ్లు, ఎంతమంది మగవాళ్లు అనే లెక్క ఎక్కడా లేదు. మా ఇంట్లో కిరాణా చిట్టీ రాసేది అమ్మే కాబట్టి నా చెయ్యి ట్రూ వైపు పోయింది.

"ఏ కుటుంబమైనా ఇరవై ఒక్క నెలలు మానేస్తే ఒక ప్రాణం నిలుస్తుందని ఫాక్స్ అన్నాడు." ఇదీ ట్రూ పెట్టాను. పాఠంలో ఉన్నది వారానికి ఐదు పౌన్లు వాడే కుటుంబం గురించి. "ఏ కుటుంబమైనా" అన్న ఒక్క మాటతో వాక్యం తప్పైపోయింది. ఆ మాట నా కళ్ల ముందే ఉంది, నేను చదవనే లేదు.

చక్కెర అమ్మకాలు పడిపోవడానికి ఏకైక కారణం ఈ ఉద్యమమే అన్నదానికీ ట్రూ పెట్టాను. అదే పేరాలో, 1791 ఆగస్టులో ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న సాన్ డొమింగ్ (ఇప్పటి హైతీ) వలసలో బానిసలు తిరగబడ్డారని, దానితో చక్కెర ధర పెరిగిపోయిందని, అదీ ఒక కారణమని రాసి ఉంది. ఉద్యమం గెలవాలని నాకుంది, అందుకే ఆ వాక్యం మీద నుంచి దాటిపోయాను.

గిల్‌రే అనే చిత్రకారుడు రాజుగారి కుటుంబం చక్కెర లేకుండా టీ తాగుతున్నట్టు 1792లో కార్టూన్ గీశాడని ఒక పేరా. కార్టూన్‌లో రాణి తన కూతుళ్లకు నచ్చజెబుతూ, దీనివల్ల మీ నాన్నకు ఎంత ఖర్చు తగ్గుతుందో అని కూడా అంటుంది. "గిల్‌రే కూడా చక్కెర మానేశాడు" అని ప్రశ్న. ఎగతాళి చేశాడు కదా, తను ఎందుకు మానేస్తాడు అనుకుని ఫాల్స్ పెట్టాను. ఆయన ఇంట్లో ఏం తాగాడో పాఠానికి తెలియదు. నాట్ గివెన్.

నన్ను బాగా కుదిపింది నాలుగో ప్రశ్న. వెస్టిండీస్ చక్కెర బదులు ఈస్ట్ ఇండియా చక్కెర వాడమని, అది బానిసలు చేసింది కాదని వ్యాపారులు ప్రకటించుకున్నట్టు పాఠంలో ఉంది. ఈస్ట్ ఇండియా చక్కెర అంటే బెంగాల్ వైపు నుంచి, మన దేశం నుంచి వెళ్లింది. ప్రశ్న ఏమిటంటే, "ఈస్ట్ ఇండియా చక్కెర చేసే కూలీల పరిస్థితి బాగుండేది." నేను ఫాల్స్ అని ఎంత గట్టిగా పెట్టానంటే పెన్సిల్ ముక్కు విరిగింది. కంపెనీ పాలనలో మనవాళ్లు బాగుండటమేమిటి? పదో తరగతి సోషల్ చదివిన ఎవరైనా చెబుతారు.

మేడం ఆ జవాబు దగ్గర చాలాసేపు ఆగారు. "నువ్వనుకున్నది అబద్ధం కాదమ్మా. కంపెనీ చేతికింద బెంగాల్‌లో 1770లో ఎంత ఘోరమైన కరువొచ్చిందో నాకూ తెలుసు. కానీ ఈ కాగితంలో ఉందా?" అన్నారు. లేదు. "లేనప్పుడు నీకు ఎంత తెలిసినా ఇక్కడ జవాబు నాట్ గివెనే" అన్నారు. నేను వాదించాను. బానిసలు చేసింది కాదు అన్నంత మాత్రాన బాగున్నారనా అర్థం అన్నాను. "అదే కదా నేనూ అంటున్నది. బాగున్నారనీ లేదు, బాగోలేరనీ లేదు" అన్నారు. నోట మాట రాలేదు, మనసు మాత్రం ఒప్పుకోలేదు.

హెడింగ్స్, అంటే పేరాలకు తగిన శీర్షిక పెట్టే ప్రశ్నలు, మూడింట్లో ఒకటి పోయింది, పేరాలో "ఈస్ట్ ఇండియా" కనిపించగానే ఇండియా ఉన్న హెడింగ్ పెట్టేశాను. ఖాళీలు పూరించే మూడింట్లో రెండు పోయాయి. ఒక్క మాటే రాయాలని పైన ఉంటే "షుగర్ బౌల్స్" అని రెండు రాశాను. ఇంకోదాంట్లో గ్రోసర్స్ అని రాయాల్సినచోట చివరి ఎస్ వదిలేశాను. జవాబు తెలిసి కూడా పోగొట్టుకున్న మార్కులివి. అసలు పరీక్షలో కూడా ఇంతే, ఒక్క అక్షరం తేడా వచ్చినా మార్కు రాదు.

వెళ్లబోతూ మేడంని ఒకటి అడిగాను. మొత్తం పాఠంలో మానేసినవాళ్ల గురించి ఉంది, వ్యాపారుల గురించి ఉంది, కార్టూన్ వేసినవాడి గురించి ఉంది, ఆ తోటల్లో పని చేసినవాళ్లు ఏమన్నారో ఒక్క లైను లేదేం అని. ఆవిడ కాసేపు నన్నే చూశారు. బానిసత్వం నుంచి బయటపడిన ఈక్వియానో అనే ఆయన 1789లోనే తన జీవితం రాసి అచ్చువేసుకుని, బ్రిటన్ అంతా తిరిగి అమ్మాడని, ఆ పేరా కూడా రాసుకుని తొమ్మిది వందల మాటలు దాటుతోందని తీసేశానని చెప్పారు. "తీసెయ్యాల్సింది అది కాదేమో" అన్నారు. తర్వాతి ఆదివారం ఆ పేరా ఒక విడి కాగితం మీద అచ్చుతీసి అందరికీ ఇచ్చారు. దానికి ప్రశ్నలు లేవు.

మేడం చెప్పింది నాకు నిజంగా బుర్రకెక్కింది మాత్రం క్లాసులో కాదు, వార్డులో. జూలై 18, రాత్రి రెండు దాటింది. పన్నెండో బెడ్ పేషెంటుకు జ్వరం 102. డ్యూటీ డాక్టర్ వచ్చి "సాయంత్రం పారాసెటమాల్ పడిందా?" అని అడిగారు. చార్టు చూశాను. ఆరు గంటల గడి ఖాళీగా ఉంది. సాయంత్రం డ్యూటీలో ఉన్నది ఎంత జాగ్రత్తగా పనిచేసే పిల్లో నాకు తెలుసు. తప్పకుండా వేసే ఉంటుంది, రాయడం మర్చిపోయి ఉంటుంది. అయినా నా నోట "వేశారు" అని రాలేదు. "వెయ్యలేదు" అనీ రాలేదు. "చార్టులో రాసి లేదు సార్" అన్నాను. ఆ పిల్లకు ఫోన్ చేసి నిద్రలేపి అడిగాకే డాక్టర్ ఏం చెయ్యాలో నిర్ణయించారు.

ఫోన్ పెట్టేసి నర్సింగ్ స్టేషన్‌లో కూర్చున్నాక ఒళ్లు ఝల్లుమంది. నాట్ గివెన్ అంటే ఇదే కదా! రాయనిది చేసినట్టు కాదు అని నర్సింగ్ మొదటి సంవత్సరం నుంచి మాకు నూరిపోస్తారు. తొమ్మిదేళ్లుగా రోజూ చేస్తున్న పని ఇది. పేషెంటు మీద నాకు జాలి ఉంటుంది, ఏం జరిగి ఉంటుందో ఊహ కూడా ఉంటుంది. చార్టు చదివేటప్పుడు మాత్రం గడిలో ఏముందో అదే చెబుతాను. జాలి ఎక్కడికీ పోదు, చార్టు చదవడం అయ్యాక దాని పని దానికుంటుంది. ఆ ఎంటెక్ అబ్బాయి మీద కోపం కూడా ఆ రాత్రితో పోయింది.

మర్నాడే ఒక లాంగ్ నోట్‌బుక్ కొని మూడు గడులు గీశాను. మొదటి గడిలో ప్రశ్నలో తిప్పలు పెట్టే మాట: అందరూ, మాత్రమే, ఎక్కువమంది, మొట్టమొదట, ఏదైనా లాంటివి. రెండో గడిలో పాఠంలో దానికి దొరికిన లైను. మూడో గడికి "నా తలలోది" అని పేరు పెట్టాను. నేను నా సొంతంగా కలుపుకున్నదేదైనా ఉంటే అందులో రాయాలి. మొదటి వారం మూడో గడే నిండిపోయేది. ఆగస్టు పదిహేను వచ్చేసరికి పాఠానికి ఒకటో రెండో ఉండేవి. మొత్తం నలభై రెండు పాఠాలు అలా చేశాను. సగం పైగా రాత్రి డ్యూటీలో, రెండున్నరకీ నాలుగుకీ మధ్య, బెల్ మోగనప్పుడు. బెల్ మోగితే గడియారం ఆపేదాన్ని కాదు. అది తర్వాత పనికొచ్చింది.

ఇంకో మార్పు, ముందు ప్రశ్నలు చదివి తర్వాత పాఠానికి వెళ్లడం. ట్రూ, ఫాల్స్ ప్రశ్నలు మామూలుగా పాఠం వరుసలోనే వస్తాయి. అందుకని మూడో ప్రశ్నకు లైను దొరికితే నాలుగోది దాని కిందే ఎక్కడో ఉంటుందని వెతకొచ్చు. హెడింగ్స్ అలా కుదరదు, వాటికి పేరా మొత్తం చదవాల్సిందే. నేను హెడింగ్స్ చివరికి వదిలేదాన్ని. అప్పటికి ఆ పేరాల్లో సగం ఎలాగూ చదివేసి ఉంటాం.

పరీక్ష సెప్టెంబర్ 21, శనివారం, కంప్యూటర్ మీద. రెండుసార్ల ఫీజు కలిపి ముప్పై మూడు వేలు దాటింది. కోచింగ్‌లు పదిహేను వేలు, జిరాక్సులకు ఏడు వందలు, సెలవులు పెట్టి పోగొట్టుకున్న జీతం వేరు. ఈ రెండోసారి ఫీజు బాపుని అడగలేదు, చిట్టీ పాడి కట్టాను.

ఏడున్నరకి రమ్మన్నారు. పాస్‌పోర్ట్, నీళ్ల సీసా తప్ప ఏమీ లోపలికి రానివ్వరు. వాచీ, ఫోన్, పర్సు అన్నీ లాకర్‌లో. నీళ్ల సీసాకు ఉన్న కాగితం కూడా పీకించారు. వేలిముద్ర దగ్గర నాకు పది నిమిషాలు పట్టింది. రోజంతా శానిటైజర్ రాసే చేతులు, గీతలు అరిగిపోయి మిషన్ పట్టుకోలేదు. నాలుగోసారికి ఎడమచెయ్యి వేలు పడింది. నర్సులు ఎవరైనా ఉంటే ముందురోజు రాత్రి చేతులకు కొబ్బరినూనె రాసుకుని పడుకోండి, పొద్దున కడుక్కుని వెళ్లండి. అప్పటికే క్యూలో నిలబడి టెన్షన్‌తో చెమటలు పట్టాయి, లోపల ఏసీకి వణుకు పుట్టింది.

లిజనింగ్ అయ్యాక రీడింగ్. మధ్యలో విరామం ఉండదు. ఎడమవైపు పాఠం, కుడివైపు ప్రశ్నలు, పైన మిగిలిన నిమిషాలు. అరవై నిమిషాలు, మూడు పాఠాలు, నలభై ప్రశ్నలు. మౌస్‌తో లైను మీద రంగు పూసుకోవచ్చు, నా పెన్సిల్ గీతలకు బదులు అదే ఉపయోగపడింది. రెండో పాఠంలో ఉండగా నా మౌస్ ఆగి ఆగి కదలడం మొదలుపెట్టింది. చెయ్యెత్తాను. వచ్చి మార్చారు, పైన గడియారం మాత్రం నడుస్తూనే ఉంది. రెండు నిమిషాలు పోయాయి. మార్చిలో అయితే అక్కడే కూలబడేదాన్ని. బెల్ మోగింది, వెళ్లొచ్చాను అనుకుని మళ్లీ ఎక్కడ ఆపానో అక్కడే పట్టుకున్నాను.

పాఠాల్లో ఏమొచ్చిందో చెప్పకూడదు, బయటపెట్టనని ఒప్పుకునే రాస్తాం. ఒక్కటి మాత్రం చెబుతాను. మూడో పాఠంలో ఒక ప్రశ్న దగ్గర నాకు ఆ విషయం ముందే తెలుసు, నా ఉద్యోగానికి దగ్గరి విషయం. జవాబు ట్రూ అని తెలుసు. మౌస్ అక్కడికి వెళ్లింది కూడా. లైను వెతికాను. పై పేరాలో లేదు, కింది పేరాలో లేదు. మొత్తం వెతికినా లేదు. నాట్ గివెన్ నొక్కుతుంటే, అబద్ధం చెబుతున్నట్టు గుండె కొట్టుకుంది. ఇంకో నాలుగు నిమిషాలు మిగిలాయి. స్పెల్లింగులు, చివరి ఎస్‌లు చూసుకున్నాను.

స్పీకింగ్ అదే రోజు రెండున్నరకి. బయటికొచ్చి మెట్రో ఎక్కేదాకా ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

నాలుగో రోజు, సెప్టెంబర్ 25న, వార్డులో ఇన్సులిన్లు వేస్తుండగా ఫోన్ జేబులో అదిరింది. ఆ రౌండు పూర్తయ్యేదాకా తియ్యలేదు, ఇంకా ఆరుగురు ఉన్నారు. చేతులు కడుక్కుని, స్టోర్ రూంలోకి వెళ్లి తెరిచాను. లిజనింగ్ 7.5, రీడింగ్ 7.5, రైటింగ్ 6.5, స్పీకింగ్ 7. సెలైన్ డబ్బాల మీద కూర్చుని ఏడ్చాను. ఈసారి బాపుకు వెంటనే ఫోన్ చేశాను. ఆయనకు షుగర్, ఆరేళ్లుగా చక్కెర లేని చాయే. "ఇయ్యాల ఒక చెంచా ఏసుకుంటనే" అన్నాడు. వద్దన్నాను, వినలేదు.

మేడంకి స్వీట్ బాక్స్ తీసుకుని వెళ్లాను. ఆ రోజు ఆవిడ ఫాక్స్ కరపత్రం అచ్చువేసి అమ్మినవాళ్లలో మార్తా గర్నీ అనే ఒక పుస్తకాల షాపు ఆవిడ ఉందని, ముప్పై ఏళ్ల తర్వాత లెస్టర్ ఊళ్లో ఎలిజబెత్ హేరిక్ అనే ఆవిడ ఇంటింటికీ తిరిగి మళ్లీ చక్కెర మాన్పించిందని చెబుతూ కూర్చున్నారు. అప్పటికి బానిసల వ్యాపారం 1807లో ఆగింది, బానిసత్వం మాత్రం ఆగలేదు. మెల్లమెల్లగా కాదు, వెంటనే తీసెయ్యాలి అని 1824లో ఆవిడ రాసింది. చట్టం వచ్చింది 1833లో. ఇవన్నీ ప్రశ్నల కోసం కాదు, ఊరికే విన్నాను. గంటన్నర అయింది తెలియలేదు.

అక్టోబర్‌లో బతుకమ్మకు ఊరికి వెళ్లేముందు మా వార్డులో కొత్తగా చేరిన చెల్లి ఒకామె, తనూ రాస్తానని, నా పుస్తకాలు ఇమ్మని అడిగింది. అన్నిటికంటే పైన ఆ చక్కెర పాఠం పెట్టి ఇద్దామనుకున్నాను. నా జవాబులన్నీ రబ్బరుతో చెరిపి జిరాక్స్ తీయించాను. రెండు ఔన్సుల వాక్యం కింద పెన్నుతో గీసిన గీత చెరగలేదు, జిరాక్స్‌లో ఇంకా నల్లగా వచ్చింది.

సద్దుల బతుకమ్మ రాత్రి, పూలు చెరువులో వదిలి వస్తుంటే ఫోన్ చేసింది.

"అక్కా, నాలుగోది ఫాల్సే కదా? కంపెనీ వాళ్లు మనల్ని అంత పీడించారు కదా?"

"ఏ లైనులో ఉందో చెప్పు" అన్నాను.

అటువైపు కాగితం తిప్పుతున్న చప్పుడు వినిపించింది.